పడమటి వరుస కుప్పలు

ఇది నేను రాస్తున్న ఏడో కాగితం. ముందు రాసిన ఆరింటిలో రెండు నా చేత్తో తీసుకెళ్లి ఇచ్చాను. మూడు రిజిస్టర్ పోస్టులో పంపాను. ఒకటి సోమవారం నాడు అర్జీలు తీసుకునే చోట రెండు గంటలు వరుసలో నిలబడి ఇచ్చి, నకలు మీద ముద్ర కొట్టించుకుని వచ్చాను. దేనికీ జవాబు లేదు. చదివామన్నవాళ్లు లేరు, చదవం అన్నవాళ్లూ లేరు. ఆరో కాగితం ఇచ్చిన రోజు దాన్ని తీసుకున్న మనిషి నా కళ్లముందే దాని మీద చాయ్ గ్లాసు పెట్టాడు. ఆ గుండ్రని మరక నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అందుకని ఈసారి ఆఫీసుకు రాయడం లేదు. చదవడం వచ్చిన వాళ్లందరికీ రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. పోయిన యాసంగి, అదే రబీ వరి కోతలప్పుడు, రాళ్ల వాన పడ్డ రోజు మధ్యాహ్నం, నిజామాబాదులో వడ్ల కొనుగోలు కేంద్రాలను చూసే ఆఫీసుకు నా ఫోను వచ్చిందా, రాలేదా? ఇది నా పంతం కోసం అడుగుతున్నానని అక్కడివాళ్లు అనుకుంటున్నారు. పంతం నాకు ఉంది, లేదనను. కానీ ఆ ప్రశ్న వెనకాల ఒక ఆడమనిషి పేరు ఉంది. ఆ పేరు పోవడానికి సగం కారణం నేను. అది చెప్పాలంటే నా పని సంగతి ముందు చెప్పాలి.

బోధన్ దగ్గర చెరుకు తోటల నడుమ వాతావరణ అబ్జర్వేటరీది ఒక చదరపు జాగా ఉంటుంది. చుట్టూ ముళ్లకంచె. లోపల నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె, అందులో రెండు థర్మామీటర్లు. ఒకటి ఉత్తది, రెండోదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. బయట వాన కొలిచే డబ్బా, గాలి దిక్కు చూపే ఇనుప బాణం. ముప్పై ఒక్క ఏళ్లు, రోజుకు రెండుసార్లు, ఆ పెట్టె తలుపు తీసి అంకెలు చూసి రిజిస్టర్‌లో ఎక్కించడం నా ఉద్యోగం. మా ఇంట్లో పెళ్లిళ్లయ్యాయి, చావులయ్యాయి. నేను రాయని పూట లేదు. చుట్టూ చెరుకు పోయి వరి వచ్చింది, చక్కెర ఫ్యాక్టరీ సైరను ఆగిపోయింది, నా రిజిస్టర్ ఆగలేదు.

అన్నేళ్లు అంకెలు రాసే మనిషికి అంకెలు ఏం చెబుతున్నాయో తెలియకుండా ఎలా ఉంటుంది? ఒక ఏడు మార్చి నెలలో కొత్తగా వచ్చిన సారు దగ్గరికి పోయి చెప్పాను.

"సారు, తడి బల్బు రెండు దినాల నుంచి ఎక్కుతనే ఉన్నది. తూర్పు గాలి పట్టింది. రేపటిలోపల రాళ్లు పడ్తయి."

ఆయన కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు.

"నీ పని చదువుడు. చెప్పుడు మా పని."

మర్నాడు సాయంత్రం నిమ్మకాయలంత రాళ్లు పడ్డాయి. తెల్లపెట్టె కప్పు సొట్టలు పోయింది. ఆ సొట్టలు కొట్టి సరిచేసి రంగు వేసే పని కూడా నాకే ఇచ్చారు. నిచ్చెన మీద నిలబడి రంగు వేస్తుంటే ఆయన కిందనుంచి పోతూ, "పడ్డయి గద, మంచిగనే అంచనా వేసినవ్" అనలేదు. "రంగు కారుతుంది చూడు" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

నా లెక్కలో మంత్రం ఏమీ లేదు. ఎండాకాలం మొదట్లో మా దిక్కు రెండు గాలులు ఎదురుపడతాయి. తూర్పు నుంచి వచ్చేది సముద్రపు తేమ మోసుకొస్తుంది. అందుకే తడి బల్బు ఎక్కుతుంది. వాయవ్యం నుంచి, నాందేడ్ దిక్కు నుంచి దిగేది పొడిగా, చల్లగా ఉంటుంది. రెండూ కలిసే చోట ఒక గీత పడుతుంది. ఆ గీత పొడుగునా మబ్బులు వరసగా లేస్తాయి. గీత మెల్లగా మన మీదికి జరుగుతుంది. సార్లు దీన్ని కోల్డ్ ఫ్రంట్ అనకూడదంటారు. అది ఉత్తరాదిన చలికాలంలో వచ్చేదనీ, దక్కన్ దాకా దిగదనీ అంటారు. సరే. పేరు కోసం నేను కొట్లాడడం లేదు. మీరు ఏ పేరైనా పెట్టండి, లేదంటే పేరే పెట్టకండి. గీత మాత్రం ఉంది. అది దాటిన చోట చెమట ఆరి చలి పుడుతుంది, రేకులు లేస్తాయి, రాళ్లు పడతాయి. నేను దాన్ని గీత అనే అంటాను.

ఆ గీత ఎక్కడి దాకా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఉన్న యంత్రం ఒక చాయ్ హోటల్. మంజీర దాటాక బిలోలి దారిలో ఉంటుంది. హోటల్ నడిపే మనిషి ఒకప్పుడు మా దిక్కు చెరుకు కొట్టడానికి ముఠాతో వచ్చేవాడు. అప్పటి స్నేహం. అతని పొయ్యి పొగ పొద్దున్నుంచి పడమటికి పోతూ పోతూ ఒక్కసారి తూర్పుకు తిరిగిందంటే గీత అతన్ని దాటినట్టు. వెంటనే నాకు ఫోన్ చేస్తాడు. "భావూ, హవా ఫిరలీ!" అంటాడు మరాఠీలో, అన్నా గాలి తిరిగిందని. అక్కడ తిరిగిన ముప్పావుగంటకు, ఎక్కువలో ఎక్కువ గంటకు, ఇక్కడ తిరుగుతుంది.

ఇప్పుడు మా రైతుల సంగతి. వాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మబ్బును చూడడం వాళ్లకు వానాకాలం నేర్పింది. వానాకాలంలో మబ్బు గాలి వెంట వస్తుంది. గాలి ఎటునుంచి కొడితే అటు చూస్తే చాలు. ఎండాకాలంలో మబ్బు గాలికి ఎదురొస్తుంది. కొనుగోలు కేంద్రంలో వడ్లు కుప్పలు పోసుకున్న వాళ్లకు తూర్పు గాలి వచ్చిందంటే పండుగ. చాటలతో ఎత్తిపోస్తే తాలు ఎగిరిపోతుంది, వడ్లు ఆరతాయి. పడమర నల్లగా మబ్బు కనిపించినా, "గాలి దాన్ని అటే తోల్తది" అని ధీమాగా కుప్పల మీది టార్పాలిన్ పరదాలు తీసేస్తారు. ఆ గాలి మబ్బును తోలడం లేదు. మబ్బే ఆ గాలిని పీల్చుకుంటోంది, పొయ్యి గాలిని లాక్కున్నట్టు. తూర్పు గాలి ఎంత జోరుగా కొడితే పడమర మంట అంత పెద్దదని లెక్క. కుప్పలు కప్పాల్సిన గంటలోనే మా వాళ్లు కుప్పలు విప్పుతారు. ఇది చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

నేను తప్పు చెప్పిన రోజు కూడా ఉంది. దాచను. అంతకు మూడు యాసంగుల ముందు, రిటైరైన కొత్తలో, బిలోలి నుంచి కబురు రాగానే మా దగ్గరి కొనుగోలు కేంద్రానికి పోయి అన్ని కుప్పలూ కప్పించాను. ఆ గీత మాకు రాకుండా ఉత్తరంగా వంగి బాసర దిక్కు పోయింది. ఇక్కడ చుక్క పడలేదు. పరదాల కింద వడ్లు పొద్దుగూకేదాకా ఉక్కబోతలో ఉడికాయి. మర్నాడు తేమ ఎక్కువుందని నలుగురి వడ్లు వెనక్కి తోశారు. ఆ రోజునుంచి నాకు మబ్బుల సారు అని పేరు పెట్టారు. నేను ఆ నలుగురి ముందు నిలబడి, "నా లెక్క తప్పింది" అని నా నోటితో చెప్పాను. ఎందుకు తప్పిందో కూడా తెలుసుకున్నాను. నాకు ఒక్క చోటునుంచే కబురు వచ్చింది. ఒక చుక్క పెట్టి గీత గీయలేం. గీత ఏటవాలు తెలియాలంటే రెండు చుక్కలు కావాలి. ఆ తర్వాత ధర్మాబాదులో ఉన్న మా చిన్నమ్మ బిడ్డను కూడా దీంట్లోకి దించాను. ఆమె మిద్దె మీద మిరపకాయలు ఆరబెట్టుకుంటుంది. గాలి తిరిగితే మొదట ఘాటు ఆమె ముక్కుకే తెలుస్తుంది.

ఆ తప్పు జరిగిన రోజు కేంద్రం నడిపే అక్క అందరికంటే ఎక్కువ తిట్టింది నన్ను. మహిళా సంఘం తరఫున ఆ కేంద్రం ఆమె చేతిలో ఉండేది. కొప్పులో పెన్ను గుచ్చుకుని, తేమ చూసే మిషన్ గుడ్డసంచిలో వేసుకుని తిరిగేది. నాకంటే చిన్నదే. అయినా ఊరంతా అక్క అంటే నేనూ అక్క అనేవాణ్ని. తిట్టడం అయ్యాక కుర్చీ వేసి నీళ్లిచ్చింది.

"అన్నా, మల్ల ఎప్పుడన్న గిట్ల అనిపిస్తే ఫోన్ చెయ్యి. తప్పయితే మల్ల తిడ్త. కని చెయ్యకుండ ఉండకు."

నా ముప్పై ఒక్క ఏళ్ల నౌకరీలో ఏ సారూ అనని మాట అది.

ఇక ఆ రోజు. రిటైరయ్యాక మా ఇంటి మిద్దె మీద నేనే ఒక చెక్కపెట్టె చేయించి పెట్టుకున్నాను. పక్కింటివాళ్లు పావురాల గూడా అని అడిగారు. అందులో తడి బల్బు అంతకు రెండు రోజుల నుంచి ఎక్కుతూనే ఉంది. పొద్దున ఎనిమిదింటికే చొక్కా వీపుకు అతుక్కుంది. తూర్పు గాలి పది దాటాక జోరందుకుంది. మధ్యాహ్నానికి పడమర మబ్బులు గోడ కట్టినట్టు లేచాయి, తలలు తెల్లగా, అడుగులు సీసపు రంగులో. నేను అన్నం ముందు కూర్చున్నప్పుడు ధర్మాబాదు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, మిరపకాయలు ఎత్తుతున్న. పడమర గాలి సల్లగ కొడుతున్నది" అంది. ధర్మాబాదులో గీత దాటింది, బిలోలిలో ఇంకా దాటలేదు. జిల్లా మ్యాపు తీసి పెన్సిలుతో గీశాను. ఈసారి గీత ఉత్తరాన ముందు, దక్షిణాన వెనక. అది అలా ఏటవాలుగా మా మీదికే వస్తోంది. తప్పించుకునే సందు లేదు.

చేయి కడుక్కుని ఆఫీసుకు ఫోన్ చేశాను. కేంద్రాలన్నిటి మీదా అజమాయిషీ చేసే సారుకే.

"సారు, నమస్తే. నేను అబ్జర్వేటరీల పనిచేసినోణ్ని."

"ఓ, మబ్బుల సారా! చెప్పుండ్రి, ఇయ్యాల ఎన్ని పిడుగులు?"

వెనకాల ఎవరో నవ్వారు. ఒకరు కాదు, ఇద్దరు.

"నాలుగు నాలుగున్నర నడుమ బోధన్ దిక్కు రాళ్ల వాన వస్తది సారు. గాలి గూడ జోరుగ ఉంటది. కేంద్రాలకు చెప్పుండ్రి, ఇప్పటి నుంచే పరదాలు కట్టుకోమనుండ్రి."

"మాకు పైనుంచి ఏం రాలె."

"ఇది పైనుంచి రాదు సారు, పడమటి నుంచి వస్తది. ధర్మాబాదుల ఆల్రెడీ గాలి మారింది."

"పెద్దమనిషీ, రిటైరైనంక మనుమలను ఆడిపియ్యాలె. గిదంత ఎందుకు నీకు?"

"నా మనుమలు నా మాట ఇంటరు సారు."

ఫోన్ పెట్టేశాడు. మాట్లాడింది రెండు నిమిషాల పైన. అది నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. ఆ ఫోన్ పాతదైంది, బ్యాటరీ ఉబ్బింది, అయినా మార్చలేదు.

తర్వాత అక్కకు చేశాను. ఆమె ఒక్కటే అడిగింది.

"ఎంత టైమున్నదన్నా?"

"గంటన్నర. పడమటి వరుస నుంచి షురూ చెయ్యి. గాలి మొదట అటునుంచే లేపుతది. అటు వరుస గట్టిగ కట్టి రాళ్లు పెడితే వెనక కుప్పలకు అడ్డం అయితది. తూర్పు నుంచి మొదలువెడితే కట్టింది కట్టినట్టు లేచిపోతది."

ఇది నేను చెప్పిన మాట. పడమటి వరుస నుంచి అని చెప్పింది నేను. ఈ కాగితంలో ఏది మరిచినా దీన్ని మరవకండి.

నేను బండి మీద అక్కడికి చేరేసరికి హమాలీలు, ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పడమటి వరుస కప్పేసి తాళ్లు బిగిస్తున్నారు. మిగిలిన వరుసల్లో జనం చాటలతో వడ్లు ఎగరేస్తున్నారు. తాలు బంగారు పొగలా పడమటికి కొట్టుకుపోతోంది. అక్క రెండో వరుస దగ్గరికి పరదా లాక్కుని వచ్చింది. ఆ కుప్ప యజమాని, తెల్ల మీసాల పెద్దాయన, పరదా అంచు కాలితో తొక్కి పట్టాడు.

"ఏందక్కా గిది? బంగారమసొంటి గాలి కొడ్తుంటే ముసుగేస్తవ్?"

"పెదబాపు, కాలు తియ్యి. వాన వస్తది."

"ఏడికెళ్లి వస్తది? మబ్బేమో పడమర. గాలేమో తూర్పుది. అది నాందేడ్ పోయి పడ్తది. గా మబ్బుల సారు చెప్పిండా? మూడేండ్ల కింద నా వడ్లు ఉడకవెట్టిచ్చింది ఈయన్నే గద!"

"ఉడకవెట్టిన, ఒప్పుకున్న గద" అన్నాను నేను. "ఇయ్యాల కప్పు, తప్పయితే నీ చెప్పు నా మీద."

"నీ మీద చెప్పెందుకు, నా చెప్పు కరాబయితది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు మంచిదే. కానీ ఆ నవ్వులోనే ఎవడో ఆఫీసుకు ఫోన్ కొట్టాడు. కాసేపటికి అక్క ఫోన్ మోగింది. చేతులకు దుమ్ము ఉందని ఆమె స్పీకర్ పెట్టింది. అందుకే ఆ మాటలు నేనూ విన్నాను, తాళ్లు పట్టుకున్న హమాలీలూ విన్నారు.

"ఏమమ్మా, పరదాలు ఎందుకు కప్పుతున్నవ్? ఎవరు చెప్పిండ్రు?"

"అన్న చెప్పిండు సారు, అబ్జర్వేటరీ అన్న. గీడనే ఉన్నడు."

"ఆ ముసలాయనా? నాక్కూడ చేసిండు. ఆయన మాట పట్టుకుని కప్పుతవా? రేపు పొద్దున లారీలు వస్తున్నయ్. ఎండల కప్పితే తేమ పడ్తది. తేమ పడ్తే బాధ్యత నీదే. తియ్యి."

నాక్కూడ చేసిండు. ఈ రెండు మాటలు ఆయన నోటితో అన్నవి.

అక్క ఫోన్ సంచిలో వేసింది. పరదా వదిలేసింది. పెద్దాయన కాలు తీశాడు. కానీ పడమటి వరుస విప్పలేదు ఆమె. హమాలీ అడిగితే, "కట్టింది కట్టినం, ఉండనియ్ తియ్" అంది. నా వైపు చూడలేదు. నేను గొంతు పెంచి ఉండాల్సింది. ఆ పెద్దాయన కాళ్లయినా పట్టుకుని ఉండాల్సింది. మూడేళ్ల కిందటి తప్పు ఆ నిమిషంలో నా నోరు కట్టేసింది.

బిలోలి నుంచి ఫోన్ అప్పుడు వచ్చింది. "భావూ, హవా ఫిరలీ! రేకు లేచిపోయె!" వెనకాల గిన్నెలు దొర్లుతున్న చప్పుడు. నేను ఆ ఫోన్ పెద్దాయన చెవి దగ్గర పెట్టాను. ఆయన విని, "మరాఠోళ్లది గాడ వేరే వాన" అన్నాడు.

ముప్పావుగంట తర్వాత జరిగింది చాలామంది చూశారు, కానీ దేన్ని చూస్తున్నారో తెలిసి చూసింది నేనొక్కణ్నే. పడమటికి ఎగిరిపోతున్న తాలు మెల్లగా పోవడం తగ్గింది. చాటలోంచి జారిన తాలు వడ్లతో పాటే నిటారుగా కింద పడింది. ఒక్క పొట్టు పక్కకు పోలేదు. తూర్పు గాలి ఆగిపోయింది. కుక్కలు కాంటా బల్ల కిందికి దూరాయి. వడ్లు ఎగరేస్తున్న ఒకామె చాట దించి, "గాలేడ పాయె?" అంది. ఆమె ఆ మాట అంటుండగానే పడమటి నుంచి చల్లగాలి వచ్చి ఆమె కొంగును ముఖానికేసి కొట్టింది.

అందరూ ఒకేసారి పరిగెత్తారు. మడతల్లో ఉన్న పరదాలు విప్పబోతే గాలి వాటిని మనుషులతో సహా ఈడ్చుకుపోయింది. పెద్దాయన తన పరదా మీద బోర్లా పడి పట్టుకున్నాడు. రాళ్లు మొదలయ్యాక హమాలీలు ఆయన్ని లాక్కొచ్చి వడ్లు తెచ్చిన ట్రాక్టర్ కింద పడేశారు. అక్క కుర్చీ తల మీద బోర్లించుకుని రెండో వరుసకు, మూడో వరుసకు తిరుగుతూనే ఉంది. కప్పుదామంటే ఏమీ నిలబడలేదు. పావుగంట. ఆ తర్వాత గంటసేపు వాన. పడమటి వరుస కట్టినది కట్టినట్టే ఉంది. మిగిలిన కుప్పలు కరిగి వడ్లు నీళ్లలో తెప్పల్లా కాల్వ దిక్కు పోయాయి.

వాన వెలిశాక అక్క దోసిలితో వడ్లలోంచి రాళ్లు ఏరి బయట పారేస్తోంది. అప్పుడు ఆమె గుడ్డసంచిలో ఫోన్ గుర్రుమంది. తడిచేత్తో తీసి నాకు ఇచ్చింది, చదవమని. సర్కారు పంపిన మెసేజ్: రాగల మూడు గంటల్లో మీ ప్రాంతంలో అక్కడక్కడా ఉరుములు మెరుపులతో కూడిన వర్షం పడే అవకాశం ఉంది. ఆమెకు చదివి వినిపించాను. నా పని చదవడమే కదా.

మూడో రోజుకు కుప్పల్లో పచ్చగా మొలకలు లేచాయి. నాలుగో రోజు పంచాయతీ. అక్కడే మొదలైంది అసలు అన్యాయం. పడమటి వరుసలో బతికిన కుప్పల్లో మూడు అక్క వాడకట్టు, అంటే ఆమె వీధి వాళ్లవి, ఒకటి ఆమె మరిదిది. వడ్లు తెచ్చిన వరుసలో జాగా ఇచ్చారు, ఎవరెవరు ఎక్కడ పోశారో ఆమె పెట్టింది కాదు. కానీ వడ్లు మొలకెత్తిన మనిషికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

"మీ వాడకట్టు కుప్పలే ఎట్ల ఎండినయ్ అక్కా? వాన నీకు చెప్పి వచ్చిందా?" అన్నారు ఒకరు.

"మరిది కుప్ప కప్పినంక మా కుప్పల దగ్గరికొచ్చే సరికి ఫోన్ వచ్చిందా?" అన్నారు ఇంకొకరు.

నేను లేచి చెప్పాను. పడమటి వరుస నుంచి కప్పమన్నది నేనేనని, ఎందుకు అన్నానో కూడా. "నువ్వు ఆమె తరఫు" అన్నారు. ఫోన్‌లో సారు మాటలు విన్న హమాలీలు అప్పటికే వేరే కేంద్రానికి పోయారు. పెద్దాయన తల దించుకుని కూర్చున్నాడు. ఆయన నోరు తెరుస్తాడేమోనని చూశాను. తెరవలేదు. ఆయన వడ్లన్నీ పోయాయి, ఆయన్ని నేను ఏమీ అనను.

తర్వాత నిజామాబాదు నుంచి ఆఫీసు కాగితం వచ్చింది. దాంట్లో రెండు వాక్యాలు నాకు నోటికి వచ్చు. ఒకటి: ఆనాటి అకాల వర్షం గురించి ముందస్తు సమాచారం ఏదీ ఈ కార్యాలయమునకు అందలేదు. రెండు: కేంద్రం నిర్వాహకురాలు తమకు కావలసిన వారి ధాన్యమును మాత్రమే ముందుగా భద్రపరిచి పక్షపాతముగా వ్యవహరించినారు. ఒకే కాగితం, ఒకే సంతకం. ముందస్తు సమాచారమే లేకపోతే ఆమె గంట ముందే ఎలా భద్రపరిచింది? కలొచ్చిందా? ఈ రెండు వాక్యాలూ రాసిన చేయి ఒకటి కింద ఒకటి పెట్టి ఒక్కసారైనా చదివి ఉంటే చాలు, నేను ఏడు కాగితాలు రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ కాగితం మీద ఆమెను కేంద్రం నుంచి తీసేశారు. తేమ మిషన్, రిజిస్టర్లు, గుడ్డసంచి కూడా తీసుకున్నారు. సంచి ఆమె సొంతది, సొంత పాత చీర చింపి కుట్టుకున్నది. అది ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు. ఊళ్లో ఇప్పుడు ఆమెను పడమటక్క అంటున్నారు. సంఘం మీటింగులో వెనక కూర్చుంటుంది. కొప్పులో పెన్ను లేదు.

ఒకరోజు మా ఇంటికి వచ్చింది. మిద్దె మీద పెట్టె దగ్గర ఉన్నాను. పైకి రాకుండా మెట్ల దగ్గరే నిలబడింది.

"అన్నా, నేను మా మరిది కోసం కప్పిన్నా?"

"కాదక్కా."

"గా మాట నువ్వు జెప్తె ఇంటలేరు. సారు నోటికెళ్లి రావాలె. ఆయనకు ఫోన్ చేసినవని ఆయన ఒప్పుకుంటే చాలు. నాకు కేంద్రం మల్ల వద్దు. గా పేరు వద్దు, అంతే."

అందుకని పోయాను. మూడుసార్లు, మిగతా కాగితాలు పోస్టులో. మూడోసారి ఆ సారు వరండాలో ఎదురుపడ్డాడు. ఫోన్ తీసి, ఆ రోజు కాల్ చూపించాను. ఆయన దాన్ని చూశాడు. చూడలేదనలేదు.

"వచ్చింది గాని పెద్దమనిషీ, నువ్వు సంబంధిత వ్యక్తివి కాదు. నీ ఫోన్ సమాచారం కిందికి రాదు."

"సరే సారు. గదే మాట కాగితం మీద రాసియ్యుండ్రి. వచ్చింది గాని లెక్కల పెట్టలేదని."

నవ్వి కారెక్కాడు. రాళ్ల వాన పడ్డ రోజున ఫోన్‌లో వినిపించినలాంటి నవ్వే అది, నేను గుర్తుపట్టాను.

మళ్లీ యాసంగి వరి పొట్టకొచ్చింది. నెలలోపు కోతలు మొదలవుతాయి. ఆ కేంద్రం ఈసారి వేరే వాళ్ల చేతికి పోయింది. వాళ్ల నంబరు నా దగ్గర ఉంది. మిద్దె మీద తడి బల్బుకు కొత్త గుడ్డ చుట్టాను. తూర్పు గాలి పట్టిన రోజున, బిలోలి పొయ్యి పొగ తిరిగిన నిమిషాన నేను మళ్లీ ఫోన్ చేస్తాను. కేంద్రానికి చేస్తాను, ఆ ఆఫీసుకూ చేస్తాను. ఇష్టమున్నవాళ్లు నవ్వుకోవచ్చు. కానీ ఈసారి ఫోన్ ఎత్తి పడమటి వరుస నుంచి కప్పమంటే, కప్పడానికి ఎవరికైనా ధైర్యం ఉంటుందా? ముందు కప్పిన ఆమె ఏమైందో అందరూ చూశారు.

నాలుగు యాసంగుల కింద నేను తప్పాను. నలుగురి ముందు నిలబడి తప్పానన్నాను. అప్పుడు నా మీద ఆకాశమేమీ విరిగి పడలేదు. ఇప్పుడు వంతు ఆ కాగితం మీద సంతకం పెట్టిన మనిషిది. సారు, మీకే చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం నా ఫోన్ మీకు వచ్చిందా, రాలేదా? వచ్చిందంటే, ఆ ఊరికి వచ్చి, అదే పంచాయతీలో, ఆ పెద్దాయన ముందు, అక్క ముందు ఆ మాట అనండి. రాలేదంటే, రాలేదని రాసి కింద మీ సంతకం పెట్టి నాకు పంపండి, నా దగ్గరున్న ఫోన్‌ను దాని పక్కన పెట్టి నేను ఊరికి చూపిస్తాను. రెండిట్లో ఏదో ఒకటి. కోతలు మొదలయ్యేలోపు జవాబు ఇవ్వండి.